మోకాలి మీద చెయ్యి

క్రోయిడన్,
సెప్టెంబర్ 2022

నా పుష్పక్కకు,

నీ స్నేహ రాస్తోంది. ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావు, తెలుసు. ఫోన్లో చెబుదామనే చూశాను. నీ కాలు సంగతి ఎత్తగానే "అన్నం తిన్నవా, ఏం కూర" అంటావు. టమాట పప్పు అని చెప్పేలోపు బావ పిలుస్తున్నాడని పెట్టేస్తావు. కాగితం మీదైతే నువ్వు మాట మార్చలేవు. దయచేసి చివరిదాకా చదువు, ఆ తర్వాత ఎంతైనా తిట్టు.

ఆగస్టు నుంచి మా సర్జరీలో, ఆ డాక్టర్ల క్లినిక్‌లో, ఊపిరాడటం లేదక్కా. లండన్ మురుగునీళ్లలో పోలియో క్రిమి దొరికిందని వార్తల్లో చూసే ఉంటావు. ఏడాది నిండిన పిల్లల దగ్గర్నుంచి తొమ్మిదేళ్ల వాళ్ల దాకా లండన్లో అందరికీ ఇంకో డోసు వేయాలన్నారు. రిసెప్షన్లో కూర్చునేదాన్ని, పైగా తెలుగు వచ్చు, ఇంకేం, మనవాళ్ల నంబర్లన్నీ నా నెత్తిన వేశారు. ఎవరికి చేసినా ఒకటే పాట. "మా బాబుకు ఇండియాల చుక్కలు ఏపిచ్చినం మేడమ్, అయిపోయింది" అంటుంది ఒకామె. అయిపోయిందంటే ఎన్నిసార్లమ్మా అంటే, "పోలియో ఆదివారం నాడు వేలికి గీత గూడ పెట్టిండ్రు గద" అని నన్నే దబాయిస్తుంది. ఒకబ్బాయి మాత్రం మర్యాదగా, "ఆంటీ, మేము నెలాఖరుకు ఫ్లాట్ మారుతున్నం, అక్కడ చూసుకుంటం" అన్నాడు. ఆ అక్కడ ఎక్కడో పాపం అతనికే తెలియదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ట్రామ్ ఎక్కి కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, ఊరందరికీ సుద్దులు చెప్పే ఈ స్నేహలత మనవరాలికి ఇప్పటిదాకా ఒక్క సూది పడలేదు. అవునక్కా, మన అపూర్వకే. ఐదో నెల నడుస్తోంది, ఈపాటికి మూడు విడతలు అయిపోయి ఉండాలి. సూదికి పాపకు జ్వరమేమైనా వచ్చిందా అని మొన్న మాటల మధ్యలో అడిగాను. "వేయించలేదు మామ్, వేయించను కూడా" అని సాత్విక ఇంగ్లీషులో తేల్చి చెప్పేసింది. ఎడిన్‌బర్గ్‌లో క్లినిక్ నుంచి రమ్మని ఉత్తరాలు వస్తుంటే చించి రీసైక్లింగ్ డబ్బాలో వేస్తోందట. నేను అరిచాను, ఏడ్చాను. మీ మరిది గోపాల్‌రావు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆయన పద్ధతిలో నచ్చజెప్పాడు. ఏమీ లాభం లేకపోయింది.

ఎందుకే అని అడిగితే దాని నోట వచ్చిన జవాబు ఇదీ. "పెద్దమ్మ లెగ్ ఇంజెక్షన్ వల్లే పోయిందని అమ్మమ్మ చెప్పింది కదా" అంది. దానికి ఆరేడేళ్లప్పుడు కరీంనగర్‌లో వేసవి సెలవుల్లో అమ్మ పక్కన పడుకుని విన్న కథ. అమ్మ ఎలా చెప్పేదో నీకు తెలుసు. "నా బిడ్డ బంగారం లెక్క ఉరికేది. జరమొస్తే ఆ కంపౌండరు సచ్చినోడు పిర్రకు సూది ఏసిండు. తెల్లారేవరకు కాలు పడిపాయె. వాని చెయ్యి పడిపోను" అని చెబుతూ ప్రతిసారీ కొత్తగా ఏడ్చేది. ఆ జ్వరమే పోలియో జ్వరమని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినా అమ్మ వినలేదు. పోలియో అంటే వంశంలో ఉందంటారు, పిల్లకు సంబంధాలు రావు. సూది వికటించిందంటే తప్పు కంపౌండరుది అవుతుంది. ఆవిడ అలా చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేసింది. ఆ కథ ఇప్పుడు ఎడిన్‌బర్గ్‌లో కూర్చుని నా మనవరాలికి సూది పడకుండా చేస్తోంది.

నేను చెబితే సాత్విక నమ్మదు, సర్జరీ మనిషినని కొట్టిపారేస్తుంది. దానికి నీ మాటంటే వేదం. అందుకే అడుగుతున్నానక్కా. నువ్వు దాన్ని పిలిచి, అది పోలియో అని నీ నోటితో చెప్పు. చెప్పడం ఒక్కటే సరిపోదేమోనని నా భయం. నువ్వు ఎన్నడూ ఎవరి ముందూ చీర కుచ్చిళ్లు పైకెత్తలేదని నాకు తెలుసు. పెళ్లి ఫోటోలో కూడా కుర్చీ వెనక నిలబడ్డావు. అయినా అడుగుతున్నాను. దానికొక్కసారి నీ కాలు చూపించు.

ఎంత కోపమొచ్చినా నాకు జవాబు రాయకుండా ఉండలేవని నమ్ముతూ,
నీ స్నేహ

*

గ్లాస్గో,
సెప్టెంబర్ నెలాఖరు

స్నేహలతకు,

ఉత్తరం అందింది. చివరిదాకా చదవమన్నావు కాబట్టి చదివాను.

నువ్వు పెళ్లయి క్రోయిడన్ వెళ్లాక అక్కడ కరీంనగర్‌లో ఏం జరిగిందో నీకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం వస్తుందనుకోలేదు. పల్స్ పోలియో మొదలైన కొత్తలో మా బడి హెడ్మాస్టరు వచ్చి, "పుష్పలీల మేడమ్, రేపు మీటింగుల మీరు స్టేజి మీద కూసోవాలె, మీరుంటే జనం వింటరు" అన్నాడు. ఏదో టీచర్‌ననే గౌరవం కాబోలనుకుని గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్లాను. ఒక అధికారి మైకు పట్టుకుని పోలియో గురించి మాట్లాడుతూ చెయ్యి నా వైపు చాపాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ముందు వరసలో ఒక తల్లి తన పిల్లాడి బుగ్గలు నొక్కుతూ, "నోరు తెరువు, లేకుంటే గా మేడమ్ లెక్క అయితవు" అంది. వాడు నన్ను చూసి గబుక్కున నోరు తెరిచాడు.

అదీ నా సంగతి. నా చదువు, నా ఉద్యోగం, నేను చెప్పిన లెక్కలు, అన్నీ ఒక పక్కన. పిల్లల నోరు తెరిపించడానికి నేను బూచినయ్యాను. అయినా ఆ తర్వాత పిలిచిన ప్రతిసారీ వెళ్లి కూర్చున్నాను స్నేహా, ఎందుకంటే పిల్లలు చుక్కలు తాగుతున్నారు. ఇంటికొచ్చి మీ బావతో ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు. ఆయనకు ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చినప్పుడు అందరూ డబ్బు కోసం పోతున్నామనుకున్నారు. నేను మాత్రం ఆ కుర్చీ నుంచి పారిపోయి వచ్చాను. ఇక్కడ నేను కర్ర పట్టుకుని మెల్లగా నడిచే ఒక ఇండియన్ ఆవిడను, అంతే. ఎవరి పిల్లలూ నన్ను చూసి నోరు తెరవరు.

ఇప్పుడు నా తోడబుట్టినదానివి, నువ్వు మళ్లీ నన్ను ఆ కుర్చీలో కూర్చోమంటున్నావు. అది కూడా ఎవరి ముందు? సాత్విక ముందు. నీకు చెయ్యెలా వచ్చిందే రాయడానికి?

నీ బిడ్డకు నువ్వే చెప్పుకో. నా కాలు నాది. మీ సర్జరీ గోడకు అంటించే బొమ్మ కాదు.

పుష్పలీల

*

క్రోయిడన్,
అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు వంటింట్లో నేల మీదే కూర్చుండిపోయాను. స్టేజి సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. నువ్వు వద్దన్నది ఇంకెన్నడూ అడగను. అడిగినందుకు క్షమించు.

జరిగింది నీకు చెప్పకపోతే నా గుండె పగిలిపోయేలా ఉంది, అందుకే రాస్తున్నాను. నాకేమీ జవాబు రాయొద్దు. పోయిన వారం పనిలో రెండు రోజులు సెలవు దొరికితే రైలెక్కి ఎడిన్‌బర్గ్ వెళ్లాను. చెప్పకుండా వెళ్లడమే నా పొరపాటేమో. సాత్విక తలుపు తీసి ముందు సంతోషంగానే కావిలించుకుంది. పాపను నా ఒళ్లో పెట్టింది. అపూర్వ ఇప్పుడు రెండు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేపి టపటపా కొడుతుందక్కా, మీద కప్పిన దుప్పటి ఒక్క క్షణం ఉండదు. అందరూ ముచ్చటపడతారు, నేను మాత్రం ఆ కాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆపుకోలేక మళ్లీ సూది మాట ఎత్తాను.

అల్లుడు రఘువీర్ మంచివాడే, కానీ దాని మాటకు ఎదురాడడు. "అత్తయ్యా, ప్లీజ్, ఇది వద్దు" అంటూ పాపను తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. సాత్విక మాత్రం నిలబడి, "అమ్మలా వస్తే రా. సర్జరీ నుంచి వచ్చినట్టు రాకు" అంది. అంత తెలుగు అది నాతో మాట్లాడి ఎన్నేళ్లయిందో. తను చెడ్డ తల్లి కాదని, పోలియో అక్కడ లేదని, సూదితో పాపకు ఏదైనా అయితే తనను తను ఎప్పటికీ క్షమించుకోలేనని ఏడ్చింది. దానికీ భయమే అక్కా, నాకున్న భయమే. ఇద్దరం ఒకే పాప కోసం భయపడుతూ ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం.

ఇంటికి చేరేసరికి నా నంబరు బ్లాక్ చేసింది. పాప ఫోటోలు రావడం లేదు. పొద్దున్నే సర్జరీకి వెళ్లి, ఎవరో ముక్కూ మొహం తెలియని తల్లులకు ఫోన్ చేసి మీ పిల్లలకు సూది వేయించండమ్మా అని బతిమాలుతున్నాను. మధ్యలో ముక్కు తుడుచుకుంటాను. పక్క సీటు ఆవిడ జలుబనుకుని టిష్యూ ఇస్తోంది.

ఇంక నావల్ల కాదు అక్కా. నీళ్లలో ఉన్నదేదో ఉంది, పాప అక్కడుంది, మధ్యలో చేతులు ముడుచుకుని నేనున్నాను. నువ్వైనా ఆరోగ్యం చూసుకో.

నీ
స్నేహ

*

గ్లాస్గో,
నవంబర్

స్నేహా,

ఈ ఉత్తరం నీకు అందేలోపే ఫోటోలు మళ్లీ వస్తున్నాయని తెలుసు, సాత్విక చెప్పింది. ఏం జరిగిందని నువ్వడిగితే "పెద్దమ్మనే అడుగు" అందట. సరే, నేనే చెబుతాను. ఒక్కసారే చెబుతాను, మళ్లీ అడగకు.

నేను దాన్ని పిలవలేదు. అదే పాపను చంటిపిల్లల బండిలో వేసుకుని శనివారం రైల్లో వచ్చింది. నీ మీద కోపం చెప్పుకోవడానికి వచ్చింది. వస్తూనే చెప్పులు తలో మూలకు విసిరి, పాపను నా ఒళ్లో కుదేసి, "పెద్దమ్మా, దోశ వెయ్యి, ఆకలి చంపేస్తోంది" అంది. అది ఎప్పుడూ అంతే కదా. వేసవి సెలవులకు మా దగ్గరికి పంపితే చిన్నప్పుడు కూడా "పెద్దమ్మా, పార్క్‌కు పోదాం, నువ్వు ఫస్ట్ వస్తవా నేను ఫస్ట్ వస్తనా" అని చెయ్యి పట్టి లాగేది. నేను కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ వెనక పోతుంటే "స్లో, స్లో" అని వెక్కిరించేది. స్నేహా, నన్ను వెక్కిరించి నాకు కోపం తెప్పించని మనిషి లోకంలో అదొక్కతే. నా కాలు దాని కంటికి కనబడేదే కాదు. కనబడితే ఏమిటి అన్నట్టుండేది.

దోశలు వేశాను, తిన్నది. నిన్ను ఒక గంట తిట్టింది, విన్నాను. నేను నోరు విప్పకూడదనే అనుకున్నాను, ఒట్టు. పాప నా ఒళ్లో పడుకుని కాళ్లు ఆడిస్తోంది. మేజోళ్లు తీసేసి ఆ పిక్కలు పట్టుకుని చూశాను. రెండూ సమానంగా ఉన్నాయి. ఇంత సమానంగా ఉంటాయా కాళ్లు అనిపించింది. అప్పుడు చెప్పాను. "బిడ్డా, మీ అమ్మమ్మ చెప్పింది తప్పు. నా కాలు సూది తియ్యలే. పోలియో తీసింది. సూది ఏసేటాల్లకే అది నా ఒంట్ల ఉన్నది."

అది నన్ను చూసి నవ్వింది. ఏమందో తెలుసా? "అయినా సరే పెద్దమ్మా. పోలియోనే అనుకో. నీకేమైంది? నాకు తెలిసినవాళ్లలో నీ అంత స్ట్రాంగ్ ఎవరున్నారు? చదువుకున్నావు, టీచర్‌వి అయ్యావు, ఇంత దూరం వచ్చావు. యు ఆర్ ఫైన్" అంది. ప్రేమగానే అంది, మనస్ఫూర్తిగా అంది. యాభై ఏళ్లుగా ఎవరైనా నన్ను చూసి ఆ మాట అనాలని నేను కోరుకున్నాను. నన్ను జాలిగా చూడకండి, నాకేమీ కాలేదు అని లోకానికి చూపించాలని పళ్లబిగువున బతికాను. అది నమ్మిన పిల్ల నా ఎదురుగా కూర్చుని, ఆ నమ్మకంతోనే తన పాపకు సూది వద్దంటోంది. ఇప్పుడు నేనేం చెయ్యాలే? నువ్వు ఫైన్ అన్నదాన్ని పట్టుకుని, లేదు బిడ్డా నేను ఫైన్ కాదు అని చెప్పాలి.

చెప్పాను. పాపను దాని చేతికిచ్చి, కుచ్చిళ్లు మోకాలి పైదాకా ఎత్తి, ఇక్కడి డాక్టర్లు కాలికి పెట్టిన ఇనుప పట్టీలు విప్పి చూపించాను. అది కళ్లు తిప్పుకోబోతే చూడమన్నాను. చిన్నప్పుడు బాపు పావురం నెత్తురు పూయించి మర్దన చేయించిన రోజుల దగ్గర్నుంచి చెప్పాను. ఆ వాసనకు ఈ వయసులో కూడా మాంసం అంగడి ముందు నిలబడలేనని చెప్పాను. నీకూ తెలియనిది ఒకటుంది, అదీ చెప్పాను. ఏడాది నుంచి నా మంచి కాలు కూడా పట్టు తప్పుతోంది. ఇక్కడి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది ఆ పాత పోలియో తాలూకే అన్నాడు. కొత్తగా అంటుకున్నది కాదు, మళ్లీ మందులతో పోయేదీ కాదు. ఇన్నాళ్లు రెండు కాళ్ల బరువు మోసి మోసి ఆ నరాలు అలసిపోయాయట. వేసవి నుంచి మేడ ఎక్కడం లేదు, కింద సోఫా మీదే పడుకుంటున్నాను. మీ బావ పైన ఒక్కడే. మీకెవరికీ చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

అప్పటికే సాత్విక ఏడుస్తోంది. అక్కడితో ఆపాల్సింది. ఆపలేకపోయాను, ఎందుకంటే అది ఇంకా సూది వేయిస్తానని అనలేదు. అందుకని ఎవరికీ చెప్పని మాట చెప్పాను. దేవుడు మాకు పిల్లల్ని ఇవ్వలేదని అందరితో అంటూ వచ్చాం కదా. అబద్ధం స్నేహా. మేమే వద్దనుకున్నాం. నేను వద్దన్నాను. నీకు గుర్తుండే ఉంటుంది, కాలు వంగిపోకుండా నేను మోకాలి మీద చెయ్యి నొక్కి పెట్టి నడిచేదాన్ని. రెండో చేతిలో కర్ర. మరి బిడ్డను ఏ చేత్తో ఎత్తుకోను? ఎత్తుకుని లేచినప్పుడు పడిపోతే? మీ బావ నేను చూసుకుంటానన్నాడు. ఏడుస్తున్న బిడ్డ పక్క గదిలో ఉంటే, ఇంకెవరైనా తెచ్చి ఇచ్చేదాకా కూర్చుని ఉండే తల్లిని కాలేనన్నాను. సాత్వికకు ఇదంతా చెప్పి, "నిన్ను కూడా నేను ఎన్నడూ నిలబడి ఎత్తుకోలేదు బిడ్డా. నువ్వే వచ్చి ఒళ్లో కూర్చునేదానివి. నీకు తెలియలేదు" అన్నాను.

అది పాపను గుండెకు అదుముకుని, నా మీద పడింది, తల్లీబిడ్డా కలిసి ఏడ్చారు. సోమవారం ఎడిన్‌బర్గ్‌లో క్లినిక్‌కు ఫోన్ చేసింది. వారం తిరక్కుండానే మొదటి సూది పడింది. ఆరు జబ్బులకు ఒకటే సూది కదా, పాప ఒక్కపూట చిరాకు పడిందట, మళ్లీ కాళ్లాడిస్తోందట. నువ్వు కోరుకున్నది జరిగింది. నాకూ సంతోషమే, కాదనను. ఆ పాప రెండు కాళ్ల మీద ఉరకాలి. నేను మళ్లీ చెప్పాల్సి వచ్చినా ఇవే మాటలు చెబుతాను.

మిగతాది కూడా విను. నిన్న సాత్విక మళ్లీ వచ్చింది. చెప్పులు జతగా గుమ్మం పక్కన పెట్టింది. ఫ్రీజర్‌లో పెట్టుకోమని డబ్బాల నిండా కూరలు వండి తెచ్చింది. నేను లేచి పెనం పొయ్యి మీద పెట్టబోతే గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. అంత మెల్లగా, అంత జాగ్రత్తగా పట్టుకుంది. "నువ్వు కూర్చో పెద్దమ్మా, నేను చేస్తా" అంది. నేను తల ఎత్తి దాని మొహం చూశాను. ఆ చూపు నాకు తెలుసు స్నేహా. బడిలో, బస్సులో, పెళ్లిళ్లలో చూశాను. ఇన్నేళ్లలో దాని కళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

కూర్చున్నాను. అది దోశ వేసి తెచ్చి పెట్టింది, అంచులు మాడ్చింది, తిన్నాను. వెళ్లేటప్పుడు పాపను నా ఒళ్లో పెట్టడానికి వంగి, ఎందుకో ఆగి, పక్కనే సోఫా మీద పడుకోబెట్టింది.

నీ అక్క,
పుష్ప